గుమ్మం ముందు నాలుగు జతలు

మా ఇంట్లో ఆదివారాలు గండిదొరకు పూజ జరుగుతుంది. దీపమూ కొబ్బరికాయా ఉండవు గానీ మిగతావన్నీ ఉంటాయి. స్తోత్రాలు ఉంటాయి. కళ్లు మూసుకోవడాలు ఉంటాయి. ఒకరు మొదలుపెట్టిన మాటను మిగతావాళ్లు గొంతు కలిపి పూర్తిచేయడం ఉంటుంది.

గండిదొర మనిషి కాడు. హైదరాబాదులో ఎవరో గీసి అచ్చువేసే బొమ్మల పుస్తకంలో దుర్మార్గుడు. ఒకప్పుడు ఆనకట్ట మీద ఇంజనీరు. పెద్ద వరద వచ్చినప్పుడు కిందనున్న మహానగరాన్ని కాపాడటానికి పక్కనే ఏటి మధ్య ఉన్న లంక మీదికి నీళ్లు వదిలాడు. లంక పోయింది, నగరం మిగిలింది. అప్పటినుంచి అతనికి అదే పని. ఎక్కడ ఏ ఆపద వచ్చినా కొందరిని ముంచి మిగతావాళ్లను కాపాడతానంటాడు. నల్ల గొంగడి కప్పుకుని వానలో నిలబడి పెద్ద పెద్ద మాటలు చెబుతాడు. అతన్ని పట్టుకోవడానికి తిరిగే కథానాయకుడు ఒకడున్నాడు. వాడి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మా ఇల్లంటే జనక్‌పురిలో ఒక కింది అంతస్తు. వంటింటి పక్క గది నాది. ముందు గదిలో హాసిని ఉంటుంది. మేడ మీది గదిలో నవదీప్, ఉదయ్‌కిరణ్ ఉంటారు, తిండికి కిందికి వస్తారు. ముగ్గురూ కలెక్టర్లు కావడానికి ఢిల్లీ వచ్చిన పిల్లలే. నా భర్త భీమశంకరం ఒక క్యాంటీనులో వంటమాస్టరు. ఆయన పోయాక ఆ గరిటె నా చేతికి వచ్చింది. ఎంతమందికి వండాలో నేను ఎవరినీ అడగను. పదకొండు గంటలకు గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు చూస్తాను. ఎన్ని జతలుంటే అన్ని గ్లాసుల బియ్యం. పన్నెండేళ్లలో అన్నం మిగిలిందీ లేదు, చాలకపోయిందీ లేదు.

హాసినిది కాకినాడ. నాకు అక్షరాలు నేర్పింది ఆ పిల్లే. పలకా బలపం తెస్తే సిగ్గుపడతానని గండిదొర పుస్తకాలు తెచ్చింది. అక్షరాలు లావుగా ఉంటాయి, పక్కనే బొమ్మ ఉంటుంది, మాట తెలియకపోతే బొమ్మ చెబుతుంది అంది. అలా మొదలై ఇప్పుడు నాకోసమే నెలనెలా తెలుగు పుస్తకం పోస్టులో తెప్పిస్తోంది. మిగతావాళ్లకు పుస్తకంతో పనిలేదు. వాళ్లు ఇంగ్లీషులో ఫోన్ మీద చదువుతారు, నాకు వినబడేలా తెలుగులో వల్లిస్తారు. తెర మీద వేలు తట్టగానే ఒక మాట పెద్దదై కళ్లముందుకు వస్తుంది. మళ్లీ తడితే ఇంకో మాట వస్తుంది. పేజీ మొత్తం ఒక్కసారిగా చూడాల్సిన అవసరం వాళ్లకు రాదు.

ఈ చదువుకు వాళ్లు చెప్పుకునే కారణం వింటే నవ్వొస్తుంది. వాళ్ల పరీక్షల్లో నీతి గురించి ఒక పేపరు ఉందట. గండిదొర ఆ పేపరుకు పనికొస్తాడట.

"ఇది టైంపాస్ కాదు ఆంటీ" అని నవదీప్ నాకు చాలాసార్లు చెప్పాడు. "ఇద్దరిని ముంచి ఇరవై మందిని బతికిస్తే తప్పా, ఒప్పా? రేపు కలెక్టర్ అయినంక గిదే క్వశ్చన్ నా టేబుల్ మీదికి వస్తది."

ఆ ఇద్దరి టేబుల్ మీదికి ఏం వస్తుందని నేను అడగలేదు. కూర మాడుతోంది.

నవదీప్ ఒకసారి ఇంటర్వ్యూదాకా వెళ్లివచ్చాడు. అందుకని మిగతావాళ్లకు అతని మాట వేదం. ఆదివారం ఆదివారం హాలులో ఉత్తుత్తి పరీక్ష పెడతాడు. ఉదయం తొమ్మిదిన్నరకు ఒక పేపరు, మధ్యాహ్నం రెండున్నరకు ఇంకొకటి. అసలు పరీక్ష ఎలా ఉంటుందో అలాగే. ఆ రోజు అందరి ఫోన్లూ నా పాత బియ్యం డబ్బాలోకి పోతాయి. నవదీప్ ఆ డబ్బాకు తాళం వేసి, తాళంచెవిని నల్లదారానికి కట్టి మెడలో వేసుకుంటాడు. తాయెత్తు కట్టుకున్న పిల్లాడిలా ఉంటాడని నేను లోపల నవ్వుకునేదాన్ని. పిల్లలు మాత్రం ఫోన్లు ఇచ్చేసి ఏదో పుణ్యం చేసినట్టు ముఖాలు పెట్టేవాళ్లు.

ఇది ఒక ఆదివారం సంగతి.

పది గంటల వేళ. హాలులో హాసిని, ఉదయ్‌కిరణ్ తలలు వంచుకుని రాస్తున్నారు. నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. గూట్లో డబ్బా గిర్రుమని వణికింది. ఆగింది. మళ్లీ వణికింది. డబ్బాలో తేనెటీగ పడ్డట్టు ఆగి ఆగి మోగుతూనే ఉంది. ఐదారుసార్లయ్యాక నవదీప్ విసుక్కుంటూ వచ్చి తాళం తీశాడు. వెలుగుతున్న ఫోను మీద రెండక్షరాలు నేనూ చదివాను. అమ్మ. అది హాసిని ఫోను.

నవదీప్ ఫోను ఎత్తి గొంతు తగ్గించి మాట్లాడాడు. "అమ్మా, నేను నవదీప్‌ను. హాసిని పరీక్షల ఉంది... అయ్యో... ఎప్పుడు?... ఏ హాస్పిటల్?... సరే అమ్మా, నేను చెప్తా. మీరు ధైర్యంగుండ్రి." తరువాత ఏదో నొక్కి ఫోను గొంతు మూసేసి డబ్బాలో పడేశాడు. తాళం వేశాడు.

"ఏమైంది నాయనా?"

"వాళ్ల నాయినకు పొద్దున గుండెపోటు వచ్చిందట. ఐసీయూల పెట్టిండ్రు. మాట్లాడుతుండట, హాసినిని అడుగుతుండట."

కత్తిపీట పక్కకు జరిపాను. "పిలు పిల్లని."

"ఆంటీ, జర ఆగుండ్రి. గిప్పుడు చెప్తే ఏమైతది? ఏడుస్తది, పేపర్ ఖరాబు అయితది. ఐదు వారాలల్ల అసలు పరీక్ష. ఊరికి పోయిందంటే మళ్ల రాదు. దసరాకు వాళ్ల నాయిన నాతోని ఫోన్‌ల ఏమన్నడో ఎరికేనా? ఏం జరిగినా నా బిడ్డ పరీక్ష ఆగొద్దు, నువ్వు చూసుకో బాబూ అన్నడు. ఇది ఆయన మాటనే."

"ఇది అసలు పరీక్ష కూడా కాదు కదయ్యా."

"పదకొండున్నరకు పేపర్ అయిపోతది. అప్పుడు నేనే చెప్తా. మీరు మాత్రం ఇప్పుడు అనకుండ్రి."

నేను ఊరుకున్నాను. దీనికి నేను ఎవరినీ నిందించలేను. మంచి కారణం చెబితే నోరు మూసుకోవడం నాకు ముప్పైరెండేళ్ల అలవాటు. భీమశంకరం చెయ్యి చేసుకున్నప్పుడల్లా చుట్టుపక్కల అమ్మలక్కలు ఒక కారణం తెచ్చి ఒళ్లో పెట్టేవాళ్లు. పాపం పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడతాడమ్మా, మనిషి మంచివాడే, కోపమొక్కటే. ఆ మాట విని నేనే బుగ్గకు పసుపు రాసుకుని ఆయనకు మజ్జిగ కలిపి ఇచ్చేదాన్ని. కారణం ఉన్నవాడు తప్పు చేయడని ఎక్కడో బుర్రలో కూర్చుండిపోయింది. ఆ రోజు కూడా అదే పనిచేసింది. బెండకాయలు తరిగాను. గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు చూసి బియ్యం కడిగాను.

పదకొండున్నరకు పేపర్లు అయిపోయాయి. హాసిని చేతులు విదిలించుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"పిన్నిగారూ, ఇవాళ మజ్జిగ పులుసేనా? వాసనకే సగం ఆన్సర్లు మర్చిపోయానండీ బాబూ."

ఆ పిల్ల వెనుక నుంచి నవదీప్ నాకు సైగ చేశాడు. తిననివ్వండి, తిన్నాక చెబుతాను. అదీ మంచి కారణమే. విన్నాక ఆ పిల్ల ముద్ద ఎత్తదు. సరే అన్నట్టు తల ఊపాను.

అర్జున్ కూడా పదకొండుకు ముందే వచ్చి కూర్చున్నాడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగినవాడు, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. తెలుగు అర్థమవుతుంది గానీ సగం హిందీ, సగం ఇంగ్లీషు మాట్లాడతాడు. అతనికి ఏ పరీక్షలూ లేవు, గండిదొర కోసమే వస్తాడు. అతని టీషర్టు మీద గండిదొర మాట ఒకటి అచ్చువేసి ఉంటుంది. నీటికి జాలి లేదు, ఆ బరువు నాది, అని. పొట్ట దగ్గర ఆ బరువు కాస్త సాగి ఉంటుంది.

నాలుగు కంచాలు పెట్టాను. కొత్త పుస్తకం వచ్చి రెండు రోజులైంది. లంక మీదికి నీళ్లు వదిలిన నాడు అసలేం జరిగిందో అందులో మొదటిసారి చెప్పారు. ఇక కూరలో ఉప్పుందో లేదో చెప్పేవాడు లేడు.

"భాయ్, నేను మెట్రోలో ఏడ్చేశాను" అన్నాడు అర్జున్. "ఒట్టు, కసమ్ సే. ఆ లైన్ ఉంది కదా, పంప్‌హౌస్ గురించి..."

"అందులో ఎవరూ లేరనుకున్నాను" అని ఉదయ్‌కిరణ్ మొదలుపెట్టాడు. అనంతపురం కుర్రాడు, ఎవరేమన్నా వాళ్ల పక్షమే.

"నీళ్లు దిగాకే నాకు తెలిసింది" అని మిగతా ముగ్గురూ కలిసి పూర్తిచేశారు. హాసిని కూడా.

కథేమిటంటే, ఆనకట్ట పక్కన పంపులు నడిపే చిన్న ఇల్లొకటి ఉంటుంది. అందులో కాపలాదారు కుటుంబం ఉంటుంది. నీళ్లు వదిలినప్పుడు అందరికంటే ముందు ఆ ఇల్లే మునిగింది. ఆ సంగతి కథానాయకుడు నిలదీస్తే గండిదొర చెప్పే జవాబు అది. ఎవరూ లేరనుకున్నాను.

"ఎంత కుమిలిపోయినాడో చూడండప్పా" అన్నాడు ఉదయ్‌కిరణ్ పులుసు జుర్రుకుంటూ. "ఆ మాట చెప్పేటప్పుడు కన్నీళ్లు చూపియ్యడు. వాన చూపిస్తాడు. అదీ ఆర్టంటే."

"వాడు విలన్ హై హీ నహీ, యార్. సిస్టమ్ విలన్" అన్నాడు అర్జున్.

"సిస్టమ్ కాదు" అన్నాడు నవదీప్. చెయ్యి కంచంలో ఆపి ఉపన్యాసం మొదలుపెట్టాడు. "జనాలకు నిర్ణయం చేసుడు రాదు. ఎవడో ఒకడు చెయ్యాలె. చేసినోన్ని అందరు తిడ్తరు. తిట్లు పడుకుంట కూడా చేస్తడు సూడు, వాడు గొప్పోడు. హీరో ఏం చేసిండు? మీటింగులు పెట్టిండు."

"అది నిజమే" అంది హాసిని. "హీరో ఉట్టి సోదిగాడండీ. గండిదొరకి కనీసం లోపల నొప్పుంది."

లోపల నొప్పుందట. నొప్పి ఉన్నవాడిమీద ఎంత ముద్దు ఈ పిల్లలకు! మునిగినవాళ్లకు నొప్పి లేదు కాబోలు. ఉన్నా, దాన్ని టీషర్టు మీద అచ్చువేయడానికి వాళ్లకు చక్కటి మాటలు రావు.

నేను గడియారం వైపు చూశాను. పన్నెండు దాటింది. నవదీప్ నావైపు చూడటం లేదు.

"పిన్నిగారూ, మీరు చదివేశారా కొత్తది?" అని హాసిని అడిగింది. "మీకెలా ఉంది? చెప్పండి."

"చదివాను."

"ఏడ్చారా?"

"నాకెందుకు ఏడుపు? వాడు అబద్ధమాడుతున్నాడు."

నలుగురూ తలెత్తారు. అర్జున్ నవ్వాడు. "అరే ఆంటీ! ఆప్ భీ థియరీ బనానే లగీ?"

"సిద్ధాంతాలు నాకు రావు నాయనా. ఇంట్లో మనుషులున్నారని వాడికి తెలుసు. తెలిసే గడియ వేశాడు."

"ఏ గడియ ఆంటీ?" అన్నాడు నవదీప్. "గడియ ముచ్చటే లేదు అందుల. నేను మూడుసార్లు చదివిన."

"మాటల్లో లేదు. బొమ్మలో ఉంది."

గదిలోకి వెళ్లి నా పుస్తకం తెచ్చాను. పందొమ్మిదో పేజీ తీసి కంచాల మధ్య పెట్టాను. ఆ పేజీలో ఒక్క మాట కూడా లేదు. పేజీ అంతా ఒకటే బొమ్మ. వాన పడుతోంది. పంపుల ఇంటి తలుపు మూసి ఉంది. నల్లగొంగడి చెయ్యి బయటి గడియ మీద ఉంది. గడియ సగం జరిగింది.

"ఇది ఫోన్‌లో రాలేదు" అన్నాడు ఉదయ్‌కిరణ్ నమ్మలేనట్టు.

అర్జున్ తన ఫోను తీశాడు. అతను పరీక్ష రాయడు కనక అతని ఫోను జేబులోనే ఉంది. వేలితో తట్టాడు. పద్దెనిమిదో పేజీ చివరి మాట వచ్చింది. మళ్లీ తట్టాడు. ఇరవయ్యో పేజీ మొదటి మాట వచ్చింది. మధ్య పేజీ తెర మీద రెప్పపాటు నల్లగా మెరిసి పోయింది. మాట లేదు కనక అక్కడ ఆగాల్సిన పని లేదనుకుంది ఆ యంత్రం. ఇన్నిసార్లు చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లు ఒక్కరూ ఆ పేజీ చూడలేదు.

"ఠీక్ హై, గడియ వేశాడు" అన్నాడు అర్జున్ ఫోను పక్కన పెట్టి. "ఖాళీ ఇల్లనుకుని వేసి ఉండొచ్చు కదా? నీళ్ల ప్రెషర్‌కి తలుపు విరగకుండా?"

"కింద చూడు" అన్నాను.

తలుపు పక్కన చూరు కింద చెప్పులున్నాయి. నాలుగు జతలు. ఒక జత టైరు చెప్పులు. ఒక జత ఆడమనిషివి. రెండు జతలు చిన్నవి. ఆ చిన్నవాటిలో ఒకదానికి బొటనవేలి ఉంగటం తెగితే పిన్నీసు పెట్టి ఉంది. బొమ్మ గీసినవాడెవరో గానీ ఇల్లు తెలిసినవాడు.

"నేను రోజూ చెప్పులు చూసే బియ్యం పోస్తాను. నాలుగు జతలుంటే లోపల నలుగురున్నట్టు. చిన్న జతలుంటే పిల్లలున్నట్టు. అంత చదువుకున్న ఇంజనీరుకు అది తెలియలేదా? వాడి కాలు ఆ చెప్పులకు జానెడు దూరంలో ఉంది. వంగి చూడక్కర్లేదు కూడా."

హాసిని వేలు పెట్టి ఆ పిన్నీసును తడిమింది. ఇప్పటికైనా వీళ్లకు ఆ గొంగడి వాడంటే రోత పుడుతుందని నేను అనుకున్నాను. ఇంత వయసు వచ్చి నాకు అంత అమాయకత్వం ఎలా మిగిలిందో తెలియదు.

"ఓ మై గాడ్" అన్నాడు అర్జున్. కళ్లు మెరుస్తున్నాయి. "దిస్ ఈజ్ సో మచ్ బెటర్."

"తెలిసీ చేసినాడా!" అన్నాడు ఉదయ్‌కిరణ్. "అబ్బా! తెలిసీ చేసి, తెలియదని చెప్పి, ఆ బరువంతా ఒక్కడే మోసినాడా సామీ! ఇంతకు ముందుకంటే పెద్దోడైపోయినాడు."

"గ్రూప్‌లో పెట్టాలి ఇది" అంటూ అర్జున్ ఆ బొమ్మను ఫోటో తీసుకున్నాడు. గొంగడి, చెయ్యి, గడియ వచ్చేలా తీశాడు. చెప్పులు ఫోటోలో రాలేదు.

చూడండి వీళ్ల తెలివి. తెలియక చంపితే పాపం అమాయకుడు. తెలిసి చంపితే పాపం త్యాగమూర్తి. ఆ నలుగురు ఎలా చచ్చినా లాభం వాడికే. పిల్లల చెప్పులు చూపిస్తే వీళ్లకు అందులోనూ వాడి గొప్పతనమే కనిపించింది. గుమ్మం ముందు నాలుగు వందల జతలు పెట్టినా వీళ్లు వాడి భుజమే నిమురుతారు.

నవదీప్ మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి మెల్లిగా నావైపు తోశాడు. పొద్దుటినుంచి మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

"తెలిసి చేసుడే నిజమైన బాధ్యత ఆంటీ" అన్నాడు. "తెలిసినోళ్లు నోరు మూసుకొని మోయాలె. అందరికి చెప్పుకుంటే అది బరువు దించుకునుడు. మంచితనం కాదు." తరువాత మిగతావాళ్లతో, "నడువుండ్రి, అరగంట పడుకోండ్రి. రెండున్నరకు సెకండ్ పేపర్" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. తిన్నాక కూడా చెప్పడు. రెండో పేపరు అయ్యాక ఇంకో కారణం ఉంటుంది. ఇతను ఈ పూట గండిదొర. లోపల మనుషులున్నారని తెలిసి గడియ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో చూసుకుని మురిసిపోతున్నాడు. ఆ బరువులో నాకూ కాస్త వాటా ఇస్తున్నాడు, ప్రసాదం పెట్టినట్టు.

హాసిని కంచం ఎత్తుతోంది.

"హాసినీ, కంచం కింద పెట్టమ్మా. మీ నాన్నకు పొద్దున గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నారు. మాట్లాడుతున్నారట, నిన్ను అడుగుతున్నారట. పది గంటలకు మీ అమ్మ ఫోన్ చేసింది. ఇతను మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నాను."

కంచం కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మెతుకులు కాళ్ల మీద పడ్డాయి.

"పదికా?" అంది. గడియారం చూసింది. పన్నెండు నలభై. "నవదీప్, తాళం."

"హాసినీ, ఒక్కసారి విను. మీ నాయిననే నాకు..."

"తాళం."

"నీ కోసమే చేసిన. నన్ను తిట్టు, ఫర్వాలేదు. నేను పడ్త. కాని ఒక్క పేపర్..."

మెడలో ఆ నల్లదారాన్ని చేత్తో పట్టుకుని, వానలో నిలబడ్డవాడిలాగే నిలబడి చెబుతున్నాడు. ఆ పిల్ల తండ్రి ఐసీయూలో ఉంటే ఇతనికి పడాల్సిన తిట్ల గురించి దిగులు. నేను వంటింట్లోకి వెళ్లి రోటి దగ్గరి పొత్రం తీసుకున్నాను. డబ్బా నాది. పెళ్లినాటిది. రెండు దెబ్బలకు గొళ్లెం ఊడి తాళంతో సహా కిందపడింది. ముప్పైరెండేళ్లలో నేను పగలగొట్టిన మొదటి వస్తువు అది.

హాసిని ఫోనులో పదమూడు పిలుపులున్నాయి. వాళ్లమ్మ మొదటి రింగుకే ఎత్తింది, ఏడుస్తూ ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. ఈ పిల్ల వేలు ఎక్కడో తగిలి ఫోను గొంతు పెద్దదైంది. అందరికీ వినిపించింది.

"రాశావా అమ్మా?" అన్నారాయన. గొంతు గాలిలా ఉంది.

హాసిని కళ్లు మూసుకుంది. "రాశాను నాన్నా. బాగా రాశాను. వచ్చేస్తున్నా."

నవదీప్ నావైపు తిరిగాడు. చూశారా, ఆయన అడిగిందేమిటో విన్నారా, అన్నట్టు చూశాడు. ఆ సమయంలో కూడా గెలుపు లెక్క చూసుకున్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

అర్జున్ పాపం అప్పటికి గండిదొరను మరిచిపోయాడు. "చలో, కారు తీస్తా" అంటూ చెప్పులు వేసుకోకుండానే బయటికి పరుగెత్తాడు, మళ్లీ వచ్చి వేసుకున్నాడు. మా ఇంటినుంచి ఎయిర్‌పోర్టు ఎంతో దూరం లేదు. మధ్యాహ్నం విశాఖ విమానం దొరికింది. అక్కడినుంచి కారులో కాకినాడ. రాత్రి తొమ్మిది దాటాక చేరింది. ఆయన గుర్తుపట్టారట. చెయ్యి పట్టుకుని పడుకున్నారట. తెల్లవారాక పోయారు. రెండో పేపరు అయ్యే నాలుగున్నరదాకా ఆగి ఉంటే ఆ విమానం లేదు. తరువాతి విమానం మర్నాడే.

పదినుంచి పోయిన ఆ రెండున్నర గంటలను నేను ఇంకా లెక్కపెట్టుకుంటున్నాను. హాసిని ఫోన్‌లో నన్నేమీ అనలేదు. "మీరు చెప్పారు కదా పిన్నిగారూ" అంది. చెప్పాను. పిల్ల మజ్జిగ పులుసు తాగేదాకా ఆగి చెప్పాను. దానికి నా దగ్గర మంచి కారణాలున్నాయి. వాటిని ఎవరికీ చెప్పను.

తరువాతి ఆదివారం ముగ్గురూ మామూలుగానే వచ్చారు. హాసిని ఇంకా ఊళ్లోనే ఉంది. డబ్బాలో బియ్యం పోసుకున్నానని చెప్పాను. ఫోన్లు ఎవరి జేబుల్లో వాళ్లు పెట్టుకున్నారు. ఉత్తుత్తి పరీక్ష జరిగింది. గుమ్మం దగ్గర మూడు జతలు చూసి మూడు గ్లాసుల బియ్యం పోశాను. నవదీప్ చెప్పులు కూడా లెక్కలో వేశాను. ఆకలికి నేను శిక్ష వేయను.

మెల్లిగా మాట ఆ రోజు మీదికి వచ్చింది. ఉదయ్‌కిరణే ఎత్తాడు.

"నవదీప్ అన్న చేసింది తప్పే అనుకో. అయితే ఆయప్ప లోపల ఎంత కుమిలిపోయుంటాడో ఆలోచించండి. వాళ్ల నాయనకిచ్చిన మాట ఒక పక్క, ఆ అమ్మి ఒక పక్క..."

"గ్రే ఏరియా" అన్నాడు అర్జున్, కానీ కంచంలోకి చూస్తూ అన్నాడు. అతని ఒంటి మీద ఆ టీషర్టు లేదు.

నవదీప్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ ఊపడంలో ఎంత తృప్తి! వారం రోజులుగా ఈ మాటల కోసమే ఎదురుచూసినట్టున్నాడు. కాస్త బుగ్గలు లోపలికి పోయాయి. గడ్డం పెంచాడు. అది కూడా బాగానే కుదిరింది.

తినడం అయ్యాక మిగతా ఇద్దరూ మేడ మీదికి వెళ్లారు. ఇతను మాత్రం లేవలేదు. ఎండిన చేత్తో కూర్చుని, విచారంగా, మెత్తగా నవ్వాడు.

"ఆంటీ, మీ కథల నేనే విలన్‌ను కదా? పర్వాలేదు. ఎవడో ఒకడు కావాలె."

అతని ముఖం చూశాను. అవునంటానని ఎదురుచూస్తున్నాడు. నేను అవునంటే ఆ మాటను తాళంచెవి దారానికి కట్టుకుని మెడలో వేసుకుంటాడు.

"విలనా?" అన్నాను. "అంత లేదు నాయనా నీకు. ఫోన్ గొంతు నొక్కి తాళం వేసినవాడివి, అంతే. లే. కంచం కడిగి బోర్లించు."

లేచాడు. గిన్నెల దగ్గర నీళ్ల చప్పుడు అయింది. సరిగ్గా కడగలేదు. అంచుకు పులుసు అలాగే ఉంది. పిలిచి మళ్లీ కడిగించాను.